సెమెల్వైస్ రాయకుండా వదిలేసిన పేజీ

ఇగ్నాజ్ సెమెల్వైస్ పేరు మనలో చాలామందికి కోవిడ్ రోజుల్లోనే తెలిసింది. 2020 మార్చిలో గూగుల్ తన ముఖపేజీ మీద ఆయన బొమ్మ పెట్టింది. చేతులు కడుక్కోమని చెప్పినందుకు పాపం ఆ డాక్టర్ని పిచ్చాసుపత్రిలో వేశారట అని ఒక మెసేజ్ కూడా ఊరంతా తిరిగింది. రెండు లైన్ల మెసేజ్ అది. అసలు కథలో చాలా భాగం ఆ రెండు లైన్లలో పట్టలేదు.

నేను ఆయన దగ్గరికి వేరే దారిలో వచ్చాను. కొన్ని నెలలుగా ఒక ఓపెన్ సోర్స్ ప్యాకేజీకి పని చేస్తున్నాను. ఆసుపత్రుల్లో, మందుల పరీక్షల్లో పోగయ్యే రోగుల వివరాల్ని శుభ్రం చేసి, పట్టికలుగా మార్చి, లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్ అది. నేను చేసేది కోడ్ రాయడం కాదు, ఆ కోడ్‌ని ఎలా వాడాలో చెప్పే హెల్ప్ పేజీల్లో ఉదాహరణలు బాగుచేయడం. హాస్టల్లో ఈ మాట అంటే, ఓస్, డాక్యుమెంటేషనా, అని తీసిపారేస్తారు. రెజ్యూమేలో దానికి లైను కూడా దండగ అంటారు. అలా అనేవాళ్ళ కోసమే ఈ కథ రాస్తున్నాను. సరైన పని చేసి, సరైన లెక్కలు తీసి, దాన్ని ఇంకొకడు తన చోట చేసి చూసుకునేలా రాయకపోతే ఏమవుతుందో ఈ మనిషి జీవితం చూస్తే అర్థమవుతుంది.

సెమెల్వైస్ 1818 జూలై 1న బుడా పట్టణంలో పుట్టాడు. ఇప్పుడు బుడాపెస్ట్ అంటున్నామే, అందులో నది ఇవతల సగం బుడా, అవతల సగం పెస్ట్. నాన్నకి కిరాణా వ్యాపారం. ఇంట్లో మాట్లాడేది జర్మన్. 1837లో లా చదవడానికి వియన్నా వెళ్ళి, మరుసటి ఏడాదికే మనసు మార్చుకుని మెడిసిన్‌లోకి మారిపోయాడు. బ్రాంచ్ మార్చుకోవడం మనకే కొత్త కాదన్నమాట. 1844లో డాక్టరు పట్టా వచ్చింది. పెద్ద ప్రొఫెసర్ స్కోడా దగ్గర చేరాలనుకున్నాడు గానీ ఆ చోటు దొరకలేదు. దొరికింది పురుళ్ళ విభాగం. 1846 జూలైలో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ప్రొఫెసర్ క్లైన్ కింద అసిస్టెంటుగా చేరాడు. అప్పటికి ఆయనకి 28 ఏళ్ళు.

ఆ ఆసుపత్రిలో పురుళ్ళకి రెండు క్లినిక్‌లు ఉండేవి. 1840 నుంచి మొదటి క్లినిక్‌లో మెడికల్ విద్యార్థులు నేర్చుకునేవాళ్ళు, రెండో క్లినిక్‌లో మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. నొప్పులతో వచ్చిన మనిషి ఏ క్లినిక్‌కి వెళ్ళాలన్నది ఆమె వచ్చిన రోజుని బట్టి ఉండేది. ఒక రోజు దీనికి, ఒక రోజు దానికి. అక్కడికి వచ్చేవాళ్ళు ఎక్కువగా పేదవాళ్ళు, పెళ్ళి కాకుండా గర్భం వచ్చినవాళ్ళు. అయినా ఊళ్ళో అందరికీ ఒక సంగతి తెలుసు: మొదటి క్లినిక్‌లో పడితే బతకడం కష్టం. తమని అక్కడ చేర్చొద్దని మోకాళ్ళ మీద పడి బతిమాలేవాళ్ళని రాశారు.

చంపుతున్నది బాలింత జ్వరం. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల్లో వణుకు, కడుపు ఉబ్బరం, ఒళ్ళు కాలిపోవడం, తర్వాత చావు. 1841 నుంచి 1846 దాకా ఆరేళ్ళలో మొదటి క్లినిక్‌లో 20,042 పురుళ్ళు జరిగితే 1,989 మంది తల్లులు చనిపోయారు. వందకి దాదాపు 10. అదే ఆరేళ్ళలో రెండో క్లినిక్‌లో 17,791 పురుళ్ళకి 691 చావులు. వందకి నాలుగు లోపే. ఒకే ఆసుపత్రి, ఒకే ఊరు, ఒకే గాలి. మనం ఇప్పుడు ఏ అండ్ బి టెస్ట్ అంటున్నదాన్ని ఆ ఆసుపత్రి తెలియకుండానే ఆరేళ్ళు నడిపింది. ఫలితం రిజిస్టర్‌లో పడి ఉంది. దాన్ని చూసి నిద్ర పట్టక తిరిగింది మాత్రం ఈ కుర్ర అసిస్టెంటే.

ఆయన చేసింది చదువుతుంటే డీబగ్గింగ్ చేస్తున్న మనిషిని చూస్తున్నట్టే ఉంటుంది. రెండు క్లినిక్‌ల మధ్య తేడాలన్నీ వరసగా పేర్చుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. గాలిలో ఏదో విషముందని పెద్దలు అనేవాళ్ళు. గాలి రెండింటికీ ఒకటే కదా. జనం ఎక్కువై ఇరుకైపోయిందన్నారు. మొదటి క్లినిక్‌కి భయపడి అందరూ రెండోదానికే ఎగబడడంతో అదే ఎక్కువ ఇరుకు. చనిపోయేవాళ్ళ దగ్గరికి ఫాదర్ గంట మోగించుకుంటూ మొదటి క్లినిక్ మధ్యలోంచి వెళ్తాడు, ఆ భయానికే చస్తున్నారని ఒక ఊహ. ఫాదర్ని చప్పుడు లేకుండా వేరే దారిలో రమ్మన్నారు. చావులు తగ్గలేదు. రెండో క్లినిక్‌లో పక్కకి పడుకోబెట్టి పురుడు పోస్తున్నారని ఇక్కడా అలాగే చేశాడు. తేడా లేదు. ఇంకో వింత చూడండి. దారిలోనే బిడ్డని కని, తర్వాత నడిచి ఆసుపత్రికి వచ్చినవాళ్ళకి ఈ జ్వరం తక్కువగా వచ్చేది. అంటే ఆసుపత్రిలో పురుడు పోసుకోవడం కంటే రోడ్డు మీద పోసుకోవడమే నయం.

ఇక్కడ నన్ను కట్టిపడేసిన చిన్న విషయం ఒకటుంది. చావులు బాగా పెరిగిన రోజుల్లో మొదటి క్లినిక్ తన జ్వరం కేసుల్ని జనరల్ ఆసుపత్రి వార్డులకి పంపేసేది. వాళ్ళు అక్కడ చనిపోతే ఆ చావు ఈ క్లినిక్ లెక్కలో పడదు. రెండో క్లినిక్ నుంచి అలా పంపడం చాలా అరుదు. అంటే పైన చెప్పిన వందకి 10 అన్న అంకె కూడా అసలుకన్నా తక్కువే. సెమెల్వైస్ దీన్ని కనిపెట్టాడు, తర్వాత తన పుస్తకంలో రాశాడు. బదిలీ అయిన మనిషి బతికినట్టు కాదు, చచ్చినట్టు కాదు, ఆమె సంగతి ఈ రిజిస్టర్‌కి తెలియదు, అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ పని పడుతుంది.

1847 మార్చిలో ఆయన వెనిస్ వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఒక చావు కబురు ఎదురైంది. కొలెచ్కా అని ఆయనకి ఇష్టమైన ఫోరెన్సిక్ ప్రొఫెసర్. శవపరీక్షలో ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. కొద్ది రోజుల్లో జ్వరం, ఒళ్ళంతా చీము, మార్చి 13న పోయాడు. సెమెల్వైస్ ఆయన శవపరీక్ష రిపోర్టు తెప్పించుకుని చదివాడు. అందులో ఉన్నవన్నీ తాను వందల మంది బాలింతల్లో చూసినవే. మగవాడికి బాలింత జ్వరం ఎలా వస్తుంది? కత్తి మీదున్న శవపు పదార్థం రక్తంలోకి వెళ్ళడం వల్ల. మరి ఆ ఆడవాళ్ళకి ఎవరి కత్తి గుచ్చుకుంది? పొద్దున్నే శవాల గదిలో పని చేసి, చేతులు సబ్బుతో పైపైన కడుక్కుని, ఆ వాసన పోకముందే పురిటి గదిలోకి వచ్చి పరీక్షలు చేసే డాక్టర్ల, విద్యార్థుల చేతులు. రెండో క్లినిక్ మంత్రసానులు శవాల గదికి వెళ్ళరు. తేడా దొరికింది. ఆ చేతుల్లో తన చేతులు కూడా ఉన్నాయని ఆయనకి తెలుసు. శవాల గదికి బాగా ఎక్కువగా వెళ్ళినవాళ్ళలో తనూ ఒకడు.

1847 మే మధ్యలో పురిటి గది గుమ్మం దగ్గర క్లోరిన్ నీళ్ళ గిన్నె పెట్టించాడు. ఖర్చు ఎక్కువవుతుందని కొన్నాళ్ళకి సున్నపు క్లోరైడుకి మారాడు, మనం బ్లీచింగ్ పౌడర్ అంటామే, ఆ రకం. చేతుల వాసన పోయేదాకా కడగాలి. సూక్ష్మజీవులే ఈ జ్వరం తెస్తాయన్న సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. శవం వాసన పోతే శవపు పదార్థం పోయినట్టే అన్నది ఆయన లెక్క. ఏప్రిల్‌లో 312 పురుళ్ళకి 57 చావులు. జూన్‌లో 268కి 6. జూలైలో 250కి 3. మరుసటి ఏడాది, 1848 మొత్తం మీద 3,556కి 45, అంటే వందకి ఒకటిన్నర కూడా లేదు. రెండు నెలల్లో ఒక్క తల్లి కూడా చనిపోలేదు.

కథ ఇక్కడ ఆగితే గూగుల్ బొమ్మ సరిపోయేది. అసలు మలుపు 1847 అక్టోబరులో ఉంది. గర్భసంచి క్యాన్సర్ ఉన్న ఒక ఆమెని మొదటి మంచం మీద పడుకోబెట్టారు. పరీక్షలు ఆ మంచం దగ్గరే మొదలయ్యేవి. ఆమెని చూసి, మామూలు సబ్బుతో చేతులు కడుక్కుని, పక్క మంచాలకి వెళ్ళారు. ఆ వరసలో 12 మంది ఉంటే 11 మంది చనిపోయారు. అక్కడ శవమే లేదు. తర్వాతి నెలలో మోకాలు కుళ్ళిన ఇంకొక ఆమె వల్ల గది అంతా జ్వరం పాకింది. అక్కడా శవం లేదు. సెమెల్వైస్ వెంటనే తన సూత్రాన్ని పెద్దది చేశాడు. శవం ఒక మూలం మాత్రమే. బతికున్న మనిషి పుండు నుంచి వచ్చినా సరే, కుళ్ళిన పదార్థం ఏదైనా ఒంట్లోకి వెళ్తే ఈ జ్వరం వస్తుంది. కాబట్టి శవాల గది నుంచి వచ్చినప్పుడే కాదు, ఒక రోగి నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్ళేటప్పుడు కూడా కడగాలి. ఏడు నెలల్లో ఒక ప్యాచ్, దానిమీద ఇంకో ప్యాచ్. ఇంజనీరింగ్ పరంగా చూస్తే అద్భుతం.

కానీ ఈ రెండో వెర్షన్ గురించి ఆయన ఏమీ రాయలేదు. నిజానికి మొదటి వెర్షన్ గురించీ రాయలేదు. రాయడమంటే తనకి పుట్టుకతోనే పడదని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ప్రపంచానికి కబురు చెప్పింది స్నేహితులు. చర్మవ్యాధుల డాక్టర్ హెబ్రా 1847 డిసెంబరులో ఒకటి, 1848 ఏప్రిల్‌లో ఇంకొకటి చిన్న నివేదికలు వేశాడు. 1849లో స్కోడా అకాడమీ ముందు మాట్లాడాడు. వియన్నాలో చదువుకున్న విదేశీ విద్యార్థులు తమ ప్రొఫెసర్లకి ఉత్తరాలు రాశారు. అందరూ మంచి మనసుతోనే చేశారు. అందరూ బాగా నాటుకునే ఉదాహరణనే ఎంచుకున్నారు: శవాల గది, కత్తి, కొలెచ్కా. బయటికి వెళ్ళిన కబుర్లలో చాలా భాగం శవం దగ్గరే ఆగిపోయింది. మొదటి మంచం, మోకాలు ఎక్కువమందికి చేరలేదు.

దాని ఫలితం ఏమిటంటే, చదివినవాళ్ళు ఉదాహరణనే సూత్రం అనుకున్నారు. మా దగ్గర డాక్టర్లు శవాల గదికి వెళ్ళరు, అయినా జ్వరం వస్తోంది, కాబట్టి వియన్నావాడి మాట తప్పు అని చాలా ఆసుపత్రులు తేల్చేశాయి. కోపెన్‌హాగన్‌లో లెవీ అనే ప్రొఫెసర్, కంటికి కనపడనంత పదార్థం అంత పని ఎలా చేస్తుందని అడిగి, చేరిన లెక్కలు చాలవని తోసేశాడు. ఎడిన్‌బరోలో సింప్సన్, అదే, పురుళ్ళలో క్లోరోఫామ్ వాడిన పెద్దమనిషి, ఇది అంటువ్యాధి అని మా దేశంలో ఎప్పటినుంచో తెలుసు, ఇందులో కొత్తేముంది అన్నట్టు జవాబిచ్చాడు. ఆయన చెప్పేది జ్వరం ఉన్న మనిషి నుంచి ఇంకో మనిషికి అంటడం. సెమెల్వైస్ చెప్పేది జ్వరమే లేని పుండు నుంచి, శవం నుంచి, మాసిన గుడ్డ నుంచి కూడా రావడం. ఆ రెండూ వేరు. వేరని చూపించే ఉదాహరణ సింప్సన్ చేతిలో లేదు.

కీల్‌లో మిఖాయెలిస్ అనే ప్రొఫెసర్ మాత్రం నమ్మాడు. తన క్లినిక్‌లో క్లోరిన్ కడగడం పెట్టించాడు, చావులు తగ్గాయి. కానీ అంతకుముందు తాను పురుడు పోసిన దగ్గరి బంధువు ఇదే జ్వరంతో చనిపోయింది. ఆ చావు తన చేతుల వల్లే అని అర్థమయ్యాక తట్టుకోలేక 1848లో ప్రాణం తీసుకున్నాడు. మిగతా డాక్టర్లు ఈ సిద్ధాంతాన్ని ఎందుకు కాదన్నారో తెలియాలంటే ఆయన్ని తలుచుకోవాలి. ఒప్పుకుంటే లెక్క వెనక్కి వెళ్తుంది. ఇన్నాళ్ళూ ఎంతమందిని చంపానన్న ప్రశ్న వస్తుంది.

ఇక్కడ కాసేపు మన సంగతికి వస్తాను. మన ల్యాబ్ రికార్డులు గుర్తు చేసుకోండి. ఎయిమ్, అపారేటస్, థియరీ అన్నీ రాస్తాం. చదివేది ఏది? స్పెసిమెన్ క్యాలిక్యులేషన్ ఒక్కటే. అందులో అంకెలు తీసి మన అంకెలు వేస్తాం. మాన్యువల్ రాసినాయన థియరీలో ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, స్పెసిమెన్‌లో జీరో ఎర్రర్ లేకపోతే మన రికార్డులో కూడా జీరో ఎర్రర్ ఉండదు. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళూ అంతే. హెల్ప్ పేజీలో పై పేరాలు ఎవరూ చదవరు. కిందికి స్క్రోల్ చేసి, ఉదాహరణ కాపీ చేసి, తమ ఫైల్ పేరు పెట్టి రన్ చేస్తారు. ఇందులో తిట్టాల్సిందేమీ లేదు, మనుషులు నేర్చుకునే తీరే అది. అందుకే ఉదాహరణ రాసేవాడి మీద బరువు ఎక్కువ.

నేను పని చేస్తున్న ప్యాకేజీలో ఒక ఫంక్షన్ ఉంది. రోగుల పట్టిక ఇస్తే గుంపుల వారీగా ఎంతమంది చనిపోయారో శాతం తీసి ఇస్తుంది. దాని పేజీలో పాత ఉదాహరణ ఆరు వరసల పట్టిక. పేషెంట్ ఒకటి, రెండు, మూడు... ఆరుగురికీ ఫలితం తెలుసు. ఒక్క ఖాళీ గడి లేదు. కోడ్‌లో మాత్రం ఖాళీలు తీసేయమనే ఆప్షన్ ఆన్ చేసి ఉంది, ఏ వివరణా లేకుండా. ఆ ఉదాహరణలో దానివల్ల ఏ తేడా రాదు. దాన్ని కాపీ చేసి నిజమైన ఆసుపత్రి ఫైల్ మీద నడిపితే తేడా వస్తుంది. మధ్యలో వేరే ఆసుపత్రికి పంపేసినవాళ్ళు, ఫోన్ ఎత్తనివాళ్ళు, మళ్ళీ కనపడనివాళ్ళు అందరూ చప్పుడు లేకుండా లెక్కలోంచి మాయమైపోతారు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. చక్కటి శాతం వస్తుంది, అది తప్పు.

వియన్నా మొదటి క్లినిక్ రిజిస్టర్ చేసింది సరిగ్గా ఇదే. అందుకే కొత్త ఉదాహరణకి ఆ క్లినిక్ పద్ధతినే వాడుకున్నాను. 1841 నుంచి 1846 దాకా రెండు క్లినిక్‌ల ఏడాదివారీ అంకెలు ఎవరైనా వాడుకోవచ్చు, రోగి గోప్యత సమస్య లేదు. అవి మొదటి ఉదాహరణ: శుభ్రమైన డేటా, సూటి జవాబు. రెండో ఉదాహరణలో పన్నెండు వరసల కల్పిత పట్టిక పెట్టి, అది కల్పితమని పైనే రాశాను. అందులో ముగ్గురి ఫలితం బదిలీ అని ఉంటుంది. ఒకసారి ఆ ముగ్గుర్ని తీసేసి లెక్క, ఒకసారి ఉంచి లెక్క, రెండు జవాబులూ పక్కపక్కనే. కింద ఒక లైను: బదిలీ అయిన మనిషిని ఏ లెక్కలో వేశారో మీ రిపోర్టులో రాయండి. ప్యాకేజీ చూసుకునే ఒకాయన, ఉదాహరణ పొడుగైంది, తగ్గించమన్నారు. న్యాయమైన మాటే. పొడుగైతే జనం మొదటిది కాపీ చేసుకుని వెళ్ళిపోతారు. నాలుగు రోజులు మాటా మాటా నడిచాక, మొదటి ఉదాహరణలోనే ఒక బదిలీ వరస ఇరికించి, రెండోదాన్ని సగం చేశాం. ఇప్పుడు ఎవరు కాపీ చేసినా ఆ వరస వాళ్ళ కంట పడుతుంది.

ఈ పని చేస్తున్నప్పుడే సెమెల్వైస్ మీద జాలి కన్నా ఎక్కువగా కోపం వచ్చింది. ఆయన దగ్గర రెండో ఉదాహరణ ఉంది. 1847 నవంబరు నాటికే ఉంది. రెండు పేజీలు చాలు. శవం కేసు ఒకటి, క్యాన్సర్ కేసు ఒకటి, మోకాలు కేసు ఒకటి, నెలవారీ పట్టిక, గిన్నెలో ఏం కలపాలి, ఎప్పుడెప్పుడు కడగాలి. ఆ రెండు పేజీలు పద్నాలుగేళ్ళు రాలేదు.

రానివ్వని కారణాలూ ఉన్నాయి, అన్నీ ఆయన మీద తోసేయడం అన్యాయం. 1848లో యూరప్ అంతా తిరుగుబాట్లు లేచాయి. వియన్నాలో హంగేరీవాడంటే అనుమానం పెరిగింది. క్లైన్‌కి ఈ సిద్ధాంతమూ నచ్చలేదు, ఈ మనిషీ నచ్చలేదు. 1849 మార్చిలో అసిస్టెంటు ఉద్యోగం ముగిసింది, మళ్ళీ ఇవ్వలేదు. 1850లో స్నేహితుల బలవంతం మీద మెడికల్ సొసైటీలో మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు గానీ దాన్ని వ్యాసంగా రాసి వేయించలేదు. అక్టోబరులో చివరికి ఒక బోధన పదవి వచ్చింది. అందులో రోగుల మీద కాదు, బొమ్మ మీద మాత్రమే పాఠం చెప్పాలని షరతు. అవమానం భరించలేక కొద్ది రోజుల్లోనే, తన కోసం అంత పోట్లాడిన స్నేహితులకి కూడా చెప్పకుండా, ఊరు వదిలేశాడు.

పెస్ట్‌లో సెయింట్ రోకస్ ఆసుపత్రి పురుళ్ళ వార్డు తీసుకున్నాడు. 1851 నుంచి ఆరేళ్ళలో అక్కడ 933 పురుళ్ళకి జ్వరంతో పోయినవాళ్ళు 8 మంది. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యాడు. అక్కడ చేతులు కడిగినా చావులు పెరిగితే వెతికి చూశాడు. సరిగా ఉతకని దుప్పట్లు తెచ్చి మళ్ళీ మంచాల మీద పరుస్తున్నారు. శవం లేని ఇంకో ఉదాహరణ! 1857లో పెళ్ళి చేసుకున్నాడు. ఐదుగురు పిల్లలు పుట్టారు, ఇద్దరు పసితనంలోనే పోయారు.

అప్పటికి గానీ కలం పట్టలేదు. 1858లో హంగేరియన్ భాషలో వ్యాసాలు, 1861 సంవత్సరం వేసి జర్మన్‌లో పెద్ద పుస్తకం. ఐదు వందల పేజీల పైమాటే. దాని గురించి చదివినప్పుడు నాకు కొన్ని రీడ్‌మీ ఫైళ్ళు గుర్తొచ్చాయి. అందులో పట్టికలు బంగారం. వియన్నా ఆసుపత్రి 1784లో తెరిచినప్పటి నుంచి లెక్కలు తవ్వి తీశాడు. శవపరీక్షలు చదువులో భాగం కాకముందు, 1822 దాకా 71,395 పురుళ్ళకి 897 చావులే, వందకి ఒకటీ పావు. శవపరీక్షలు మొదలయ్యాక ఎలా ఎగబాకిందో ఏడాదివారీగా చూపించాడు. శవపరీక్షలతో అంత సంబంధం లేని డబ్లిన్ ఆసుపత్రి లెక్కలు పక్కన పెట్టి పోల్చాడు. ఇంతకన్నా మంచి క్లినికల్ డేటా ఆ రోజుల్లో అరుదు. కానీ చదివేవాడు అక్కడిదాకా చేరాలి కదా. చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. తనని కాదన్న ప్రతి ఒక్కరికీ పేరుపేరునా పేజీల కొద్దీ జవాబిచ్చాడు. వార్డులో పని చేసే డాక్టరు రేపు పొద్దున్న ఏం చేయాలన్నది ఆ పోట్లాటల మధ్య ఎక్కడో ఉంది.

పుస్తకం ఎవరూ సరిగా పట్టించుకోకపోయేసరికి 1861, 62లలో బహిరంగ లేఖలు మొదలుపెట్టాడు. పేరున్న ప్రొఫెసర్లని హంతకులని రాశాడు. లెక్క ప్రకారం చూస్తే ఆయన మాటకి ఆధారం ఉంది. ఆ లేఖ అందుకున్నవాడు మాత్రం గిన్నె తెప్పించడు, తలుపేసుకుంటాడు.

1865కి ప్రవర్తన బాగా మారిపోయింది. జూలై నెలాఖరున ఇంట్లోవాళ్ళు వియన్నా తీసుకెళ్ళారు. స్టేషన్లో ఎదురొచ్చి, ఏదో చూపిస్తానని చెప్పి పిచ్చాసుపత్రి లోపలికి నడిపించింది హెబ్రా. 1847లో ఆయన పని గురించి మొదట ప్రకటించిన ఆ హెబ్రాయే. సంగతి అర్థమై బయటపడబోతే కాపలావాళ్ళు కొట్టి ఆపారు. రెండు వారాలకి, 1865 ఆగస్టు 13న, గాయం చీముపట్టి రక్తం విషమై పోయాడు. 47 ఏళ్ళు. కొలెచ్కా ఏ జబ్బుతో పోయాడో అదే జబ్బు.

రెండేళ్ళకి, 1867లో లిస్టర్ ఆపరేషన్లలో కార్బాలిక్ ఆమ్లం వాడిన ఫలితాలు ప్రచురించాడు. ఒక్కో కేసు విడివిడిగా, ఏం చేశాడో, తర్వాత ఏమైందో రాశాడు, చదివినవాడు తన వార్డులో చేసి చూసుకునేలా. ఆయన్నీ చాలామంది ఎదిరించారు. కానీ ఎదిరించడానికైనా సరే చేతిలో ఒక పద్ధతి ఉంది. 1879లో పాశ్చర్ బాలింత జ్వరం తెచ్చే సూక్ష్మజీవిని పారిస్‌లో బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. ఇప్పుడు బుడాపెస్ట్‌లో మెడికల్ విశ్వవిద్యాలయానికి సెమెల్వైస్ పేరే ఉంది.

1847 నవంబరుకి, 1861కి మధ్య యూరప్ పురిటి గదుల్లో పోయిన తల్లుల పక్కన ఆ గౌరవం పెట్టి చూస్తే నాకు ఏమీ అనిపించదు. వాళ్ళందరూ ఆయన రాయనందుకే పోయారని నేను అనను. క్లైన్ లాంటివాళ్ళు రాసినా వినరు. కానీ మిఖాయెలిస్ లాంటివాళ్ళు ఒక్క ఉత్తరానికే కదిలారు. అలాంటి ఇంకో పదిమంది చేతికి ఆ రెండు పేజీలు అంది ఉంటే, పది క్లినిక్‌లలో గుమ్మం దగ్గర గిన్నె ఉండేది.

మన క్లబ్బులో కోడింగ్ బాగా వచ్చినవాళ్ళున్నారు, తెలుగు, ఇంగ్లీషు చక్కగా రాసేవాళ్ళున్నారు. ఈ రెండో రకం వాళ్ళు ఓపెన్ సోర్స్ మనది కాదనుకుంటారు. ఆరోగ్యానికి సంబంధించిన ఏ ప్యాకేజీ అయినా తీసి దాని హెల్ప్ పేజీల్లో ఉదాహరణలు చూడండి. ఖాళీ గడి ఉందా? ఒకే మనిషి రెండుసార్లు చేరిన వరస ఉందా? బదిలీ అయినవాళ్ళున్నారా? తేదీ తప్పుగా పడిన వరస ఉందా? లేకపోతే ఒక వరస చేర్చి, దానితో ఏం చేయాలో రెండు వాక్యాలు రాసి పుల్ రిక్వెస్ట్ పంపండి. మొదటిసారి ఎలా పంపాలో తెలియకపోతే శనివారం సాయంత్రం క్లబ్బు గదిలో నేనుంటాను, ల్యాప్‌టాప్ తెచ్చుకోండి.